తుమ్మ అడిగితే తుమ్మే ఇచ్చే అడితి

అరిసెల పని మొదలైందంటే కనుమ దాకా నాకు చెయ్యి ఖాళీ ఉండదు, అందుకే ఇది ఇప్పుడే రాసేస్తున్నా. చీరాల నుంచి వాడరేవు వెళ్లే వైపు ఒక కట్టెల అడితి ఉంది. పేరు రాయను. బోర్డు ఎటూ లేదు. పైగా "నా పేరూ ఊరూ ఎక్కడా రాయమాక తల్లీ, ఉన్న బేరాలకే చీల్చే మనుషులు దొరకట్లా" అని ఆ పెద్దాయనే అన్నాడు. ఆ చుట్టుపక్కల పెళ్లి వంటలు చేసేవాళ్లని ఎవర్ని అడిగినా దారి చెబుతారు.

నాది ఇంటి దగ్గర పిండివంటల వ్యాపారం. 18 ఏళ్లయింది. జంతికలు, చెక్కలు గ్యాసు మీదే. అరిసెలకి మాత్రం పెరట్లో మట్టిపొయ్యి. కొనేవాళ్లు "కట్టెల పొయ్యి రుచే వేరండీ" అంటారు, నేనూ తలూపుతా. అసలు కారణం ఏంటంటే పండగ నెలలో 19 కిలోల సిలిండరు మా ఇంట్లో రెండు రోజులు ఆగదు.

పాకానికి ఒకే తీరున మండే మంట కావాలి. మంట ఎగిసిందా, పాకం ముదిరి అరిసె రాయవుతుంది. మధ్యలో పడిపోయిందా, పాకం కుదరదు, వేసిన అరిసె నూనెలో విచ్చిపోతుంది. కాబట్టి బెల్లం ఎంత చూసి కొంటానో కట్టె కూడా అంత చూసి కొనాలి. ఇది తెలిసి కూడా ఒక ఏడాది గుడ్డిగా కొన్నాను.

2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది కదా. మా వైపు రోడ్ల పక్కన పడ్డ చెట్లకి లెక్కలేదు. వారం తిరిగేసరికి అవన్నీ ముక్కలై కట్టెల కుప్పల్లో చేరాయి. అప్పట్లో నేను కొనే చోటు వేరు, దాని ఊసు ఇక్కడ అనవసరం. ఫోనులోనే "టన్ను తుమ్మ, చీల్చింది పంపు" అన్నా. చీకటి పడ్డాక ట్రాక్టరు వచ్చి గుమ్మరించి పోయింది. పైన నాలుగు వరసలు తుమ్మే. కింద అంతా లావాటి చీలికలు, లోపల నల్లటి చేవ (దుంగ నడిమి ముదురు చెక్క), చూడ్డానికి తుమ్మకన్నా అందంగా ఉన్నాయి. పొయ్యిలో పెట్టాను. మండవేం! చివర్ల నుంచి బుస బుసమని నురగ కక్కాయి. ఇల్లంతా పొగ. తడి పిండి ఆగుతుందా? 40 కిలోల పిండి పులిసిపోతే పారబోశాను. బయానా ఇచ్చిన వాళ్లకి మొహం చూపించలేకపోయాను.

అది తుమ్మ కాదు, నిద్రగన్నేరు. రోడ్ల పక్కన గొడుగులా పరుచుకుని సాయంత్రం ఆకులు ముడుచుకుంటుందే, ఆ చెట్టు.

సిగ్గుపడాల్సిన సంగతి ఇంకోటుంది. మా నాయన వడ్రంగి. బండి చక్రాలు చేసేవాడు. చక్రం ఆకులకి, అంటే నడిమి నుంచి అంచుకి పోయే కర్రలకి, నల్లతుమ్మ తప్ప ఇంకోటి ముట్టేవాడు కాదు. చిన్నప్పుడు దుంగ వచ్చిందంటే నా పని దాని కోత మీద నీళ్లు చల్లి గుడ్డతో తుడవడం. తడి తగిలితే చేవ ఎక్కడ మొదలైందో, చుట్టూ ఉన్న తెల్లచెక్క ఎంత మందమో గీత గీసినట్టు తేలుతుంది. "కట్టె మొహం చూడకుండా డబ్బులు ఇవ్వకూడదే" అనేవాడు. ఆయన కూతురు ఫోనులో కట్టెలు కొంది!

ఆ పండగ అయ్యాక ఈ అడితికి వెళ్లాను. వెళ్లగానే "తుమ్మ కావాలి బాబాయ్" అన్నా. ఆయన బీడీ పక్కన పెట్టి "ఏ తుమ్మ?" అన్నాడు. నల్లతుమ్మా, తెల్లతుమ్మా, సర్కారు తుమ్మా అని. అంతకుముందు చోట 11 ఏళ్లు కొన్నాను, ఒక్కసారి కూడా నన్ను ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు.

ఇక్కడి పద్ధతి ఏంటంటే ఏ కుప్ప ఆ జాతిదే. కలపరు. బెరడు తియ్యరు. తుమ్మ బెరడుకి వేరే గిరాకీ ఉంది, తోళ్లు పదును చేసేవాళ్లు కొంటారు, అందుకని కొన్ని చోట్ల బెరడు ఒలిచిన దుంగలే కట్టెలుగా వస్తాయి. అది మోసం అనలేను కానీ, బెరడు పోతే సగం గుర్తు పోయినట్టే. ఈయన దగ్గర కుప్పలోంచి మనకి నచ్చిన దుంగ లాగి చూపించమంటే విసుక్కోడు. చివర ఒక అంగుళం రంపంతో కోయించి కొత్త కోత చూపిస్తాడు కూడా. వాన తగిలి, ఎండ తగిలి పాత కోతలన్నీ ఒకే బూడిద రంగుకి తిరిగిపోతాయి. కొత్త కోత అబద్ధం చెప్పదు.

నల్లతుమ్మ కుప్ప దగ్గర నేను చూసేవి చెబుతా. బెరడు నల్లగా, నిలువునా లోతుగా పగిలి ఉంటుంది, పగులులో చిటికెన వేలి గోరు మొత్తం దిగుతుంది. గొడ్డలి అంచుతో కాస్త గీకితే లోపల ఇటుక రంగు బయటపడుతుంది. అక్కడక్కడా బంక గడ్డకట్టి ఉంటుంది. కోత మీద చూస్తే బయట వైపు పసుపు తిరిగిన తెల్లచెక్క, లోపల చేవ. కోయగానే ఆ చేవ లేత ఎరుపు, గాలి తగిలిన కొద్దీ ముదురుతుంది. మూరెడు ముక్క ఎత్తితే చెయ్యి కిందికి లాగేస్తుంది.

నిద్రగన్నేరు బెరడు కూడా గరుకే, ముదురు రంగే. ట్రాక్టరు దీపం వెలుతురులో నేను మోసపోయింది అక్కడే. కానీ అది నిలువుగా పగలదు, పలకలు పలకలుగా లేస్తుంది. గోటితో నొక్కితే బెండులా లోపలికి పోతుంది. చేవ చాక్లెట్ రంగు, తెల్లచెక్కకీ చేవకీ మధ్య గీత మరీ స్పష్టంగా ఉంటుంది. రంపం నడిచిన చోట నున్నగా ఉండదు, నూగులాగా పీచు లేస్తుంది. దుంగ వంపు చూసినా చెప్పొచ్చు: ఆ చెట్టు కొమ్మల్ని పక్కలకి బారెడు బారెడు చాపుతుంది, అందుకే ముక్కలు లావుగా, విల్లులా వంగి ఉంటాయి. పచ్చిగా ఉన్నప్పుడు నీళ్ల బరువు, ఆరాక తేలిక. కాటా వేసి అమ్మేవాడికి ఇంతకంటే ఏం కావాలి! ఈ అడితిలో దానికి వేరే కుప్ప ఉంది, "వంటకి వద్దు, బట్టీలకి తీసుకుపోతారు" అని ఆయనే చెబుతాడు. ఒక మాట, పేరులో గన్నేరు ఉన్నా దీనికీ పూల గన్నేరుకీ సంబంధం లేదు. ఎర్రగన్నేరు, పచ్చగన్నేరు కొమ్మలు మాత్రం పొరపాటున కూడా పొయ్యిలో పెట్టకండి. వాటి పొగ కూడా విషమే.

నేను ఎక్కువగా కొనేది సర్కారు తుమ్మ. చవక, మంట గట్టి, నిప్పు చాలాసేపు నిలుస్తుంది. పేరులోనే ఉంది దాని కథ. అమెరికా ఖండపు చెట్టు ఇది. 1877 ప్రాంతంలో తెల్లదొరల అటవీ శాఖ మన కడప జిల్లా కమలాపురం వైపు దీని గింజలు నాటించింది, ఎండిపోయే నేలల్లో వంటచెరకుకి పనికొస్తుందని. పనికొచ్చింది, నిజమే. చెరువుల్ని, పోరంబోకుల్ని, పంట కాలవల్ని కూడా మింగేసింది. కాయలు తియ్యగా ఉంటాయి, గొడ్లు మేస్తాయి, పేడలో గింజలు పడి ఎక్కడపడితే అక్కడ లేస్తాయి. డాలస్‌లో ఉన్న మా పెద్దాడు ఒకసారి వీడియో కాల్‌లో చూపించాడు: అక్కడి కొట్టులో మెస్కీట్ అని చెక్కముక్కలు సంచుల్లో పెట్టి అమ్ముతున్నారు, మాంసం కాల్చుకోవడానికి. మన సర్కారు తుమ్మకి అన్నదమ్ముల వరసే అది. ధర వినగానే మా అత్తగారు "అయితే మన చెరువు అమ్మేద్దాం" అంది.

దీన్ని గుర్తుపట్టడానికి బెరడు కంటే కొమ్మ నయం. ఒకే మొదలు నుంచి నాలుగైదు కొమ్మలు లేస్తాయి, ఒక్కటీ తిన్నగా ఉండదు. చిన్న రెమ్మ తీసుకుని చూడండి, కణుపు కణుపుకీ అటొక మలుపు ఇటొక మలుపు, మలుపు దగ్గర ముల్లు. నల్లతుమ్మ ముళ్లు వేరే తీరు, లేత కొమ్మ మీద తెల్లగా, పొడుగ్గా, జంటగా ఉంటాయి. కట్టెల్లో ఎండుకాయ చిక్కుకుని ఉందంటే ఇంక అడగక్కర్లేదు. గింజ గింజకీ మధ్య నొక్కి పూసల దండలా ఉంటే నల్లతుమ్మ, సాదాగా పొడుగ్గా పసుపు తిరిగి ఉంటే సర్కారు తుమ్మ. తెల్లతుమ్మ ఈ అడితికి అరుదుగా వస్తుంది. దాని బెరడు లేత రంగు, దూరం నుంచే తెలుస్తుంది.

సరుగుడు దగ్గరికొస్తే నేను కొంచెం పక్షపాతిని. ఇసక నేల మీద పెరిగినదాన్ని, మా చుట్టూ సరుగుడు తోటలే. దాని ఆకు ఆకు కాదు, కణుపుల పుల్ల. ఒక కణుపు దగ్గర ఊడదీసి మళ్లీ దూర్చి "ఎక్కడ విరిచానో చెప్పు" అని ఆడుకునేవాళ్లం. ఎండురాలు గంపలకెత్తి అంటించుకోవడానికి దాచుకునేవాళ్లం, ఇప్పటికీ నా పొయ్యి దాంతోనే అంటుకుంటుంది. బెరడు పల్చన, బూడిద కలిసిన గోధుమ రంగు, పట్టీలు పట్టీలుగా ఊడుతుంది. కోత తడిపి చూస్తే చాలా దుంగల్లో నడిమి నుంచి అంచుకి గీతలు పాకి ఉంటాయి, అచ్చం బండి చక్రం ఆకుల్లాగా. నాయన చూపిస్తే తెలిసింది. ఆ గీతల వెంట గొడ్డలి వేస్తే ఒక్క దెబ్బకి రెండు బద్దలు. తుమ్మ అలా కాదు, పీచు పట్టుకుని వదలదు.

ఇక్కడ సరుగుడుతో వచ్చిన చిక్కు అడితి వాళ్ల తప్పు కాదు. తిన్నటి బాదులన్నీ కాగితం మిల్లులకి, పందిళ్లకి పోతాయి. అడితికి వచ్చేవి చివరి కొసలు, వంకరవి. సుబాబుల్ సంగతీ అంతే. సుబాబుల్ బెరడు నున్నగా బూడిద రంగులో ఉంటుంది, చిన్న చిన్న బుడిపెలు పైకి తగులుతాయి. గబగబా మండుతుంది, గబగబా అయిపోతుంది. నీళ్లు కాచుకోవడానికి బాగుంటుంది. జామాయిల్ నేను కొనను. బెరడు రిబ్బన్లలా ఊడి తెల్లటి ఒళ్లు బయటపడుతుంది, పసిపిల్లాడైనా గుర్తుపడతాడు. దాని పీచు మెలితిరిగి ఉంటుంది, చీల్చిన ముక్క ప్రొపెల్లర్‌లా వస్తుంది, పొయ్యిలో పక్కపక్కన ఆనవు.

చింత మొద్దు ఒకసారి అడిగాను. నిప్పు బాగా నిలుస్తుందని వేరుశనగ గుళ్లు వేయించడానికి. చీల్చే ఆయన మొద్దు వైపు చూశాడు, నా వైపు చూశాడు, "అక్కా, ఇది చీల్చాలంటే కూలి ఇద్దరిది ఇవ్వాలి" అన్నాడు. ఇనప చీల దిగేసి సమ్మెటతో కొడుతుంటే చీల ఇరుక్కుపోయింది, దాన్ని తియ్యడానికి ఇంకో చీల. పైన మందంగా చదరం చదరంగా పగిలిన బెరడు, తెల్లచెక్కే ఎక్కువ, నడిమిన గుప్పెడంత ఊదా కలిసిన నల్లటి చేవ. కూలి రెట్టింపే ఇచ్చాను. మళ్లీ అడగలేదు.

ఇప్పుడు అసలు డబ్బుల సంగతి. పోయిన నెల నేను ఇచ్చింది సర్కారు తుమ్మ కిలో 5 రూపాయలు, సరుగుడు 7, నల్లతుమ్మ 8. చీల్చిన కూలి కిలోకి ఇంకో రూపాయి. ఊళ్లో ఇంతకంటే చవగ్గా దొరుకుతుంది. కానీ ఈ లెక్కలో మనం మరిచిపోయేది నీళ్లు. పూర్తిగా ఆరితే ఏ జాతి కట్టె అయినా కిలోకి ఇచ్చే వేడిలో పెద్ద తేడా ఉండదు. జాతిని బట్టి మారేది బరువు, మంట తీరు, నిప్పు నిలిచే సేపు, పొగ. అదే పచ్చి కట్టె అయితే బరువులో సగం దాకా నీళ్లే ఉండొచ్చు. ఆ నీళ్లకి మనం కిలో లెక్కన డబ్బు ఇస్తాం, మళ్లీ వాటిని ఆవిరి చెయ్యడానికి మన మంటే ఖర్చు పెడతాం. ఆ నిద్రగన్నేరు చీలికల్ని పిండి తూచే కాటా మీద 10 కిలోలు తూచి డాబా మీద ఆరబెట్టాను. నెల తర్వాత తూస్తే 6 కిలోల చిల్లర. టన్నుకి లెక్కేసుకుని ఆ రోజు అన్నం సహించలేదు.

అందుకని ఇక్కడ కొనేటప్పుడు రెండు ముక్కలు తీసుకుని ఒకదానికొకటి కొడతా. ఆరిందైతే ఖంగుమంటుంది, పచ్చిదైతే దబ్బుమంటుంది. ఆరిన దుంగ చివర్లో నడిమి నుంచి పగుళ్లు విచ్చుకుని ఉంటాయి, బెరడు పట్టు వదిలి ఉంటుంది. బాబాయ్ పచ్చివీ ఆరినవీ కూడా వేరు వేరుగానే పేరుస్తాడు, ధరా వేరే. పచ్చిది కిలోకి రెండు రూపాయలు తక్కువ. చోటున్నవాళ్లు ఎండాకాలంలో పచ్చిది కొని ఆరబెట్టుకుంటే లాభమే. మా పెరట్లో చోటు లేదు.

ఇంత మెచ్చుకున్నాను కదా, తిట్టాల్సినవీ ఉన్నాయి. కుప్పల మీద కప్పు లేదు. ఒకే ఒక్క నీలం పట్టా ఉంది, అది నల్లతుమ్మ మీదకే చాలుతుంది. అక్టోబరు, నవంబరు వానలకి మిగతావన్నీ తడుస్తాయి. వాన పడ్డ మర్నాడు వెళ్తే బెరడు తాగిన నీళ్లు కూడా కాటా ఎక్కుతాయి. అడిగితే "నాలుగు రోజులాగి రా తల్లీ" అంటాడు కానీ బరువు తగ్గించడు. ఇంతకు ముందు చోట ఆ మాట కూడా అనేవాళ్లు కాదు, అయినా పట్టా ఎంతలో వస్తుంది బాబాయ్? మూడేళ్లుగా అడుగుతున్నా.

ఇంటికి చేర్చడం ఇంకో గోల. ఆటో వాడు పొద్దున అంటే మధ్యాహ్నం. సర్కారు తుమ్మ తెచ్చిన రోజు మా వాకిట్లో ముళ్లు ఏరుకోవాలి. ఒకసారి ఆ ఆటోకే పంక్చరు పడింది, అప్పుడు మాత్రం నాకు కొంచెం నవ్వొచ్చింది. కాల్లో దిగితే నవ్వు రాదు, ఆ ముల్లు చీము పట్టిస్తుంది. చెప్పులు కాదు, బూట్లు వేసుకుని వెళ్లండి.

చీలికల సైజు కూడా చెప్పి చేయించుకోవాలి. చెప్పకపోతే పెళ్లి వంటల గాడిపొయ్యికి సరిపోయే మూడడుగుల ముక్కలు చీల్చి పడేస్తారు. మా పొయ్యికి మూర చాలు, మణికట్టు లావు. నేను ఒక ముక్క ఇంటి నుంచి పట్టుకెళ్లి ఇలాంటివి అని చూపిస్తా.

ఐదుకి నాలుగిస్తాను. తగ్గించిన ఒకటీ పట్టా కోసం. ఫోన్‌పే ఉంది, అయితే క్యూఆర్ అట్ట బాబాయ్ మనవడి బళ్లో పుస్తకాల సంచిలో ఉంటుంది, బడి టైములో వెళ్తే నోట్లు తీసుకెళ్లండి. తెల్లారి ఆరున్నరకి కొత్త లోడు దిగుతుంది, ఏడింటికల్లా వెళ్తే కుప్పలో పడకముందే దుంగ మొహం చూసుకోవచ్చు. ధనుర్మాసం వచ్చాక వెళ్తే నల్లతుమ్మ ఉండదు, వేళ్ల మొద్దులే మిగులుతాయి. ఈసారి నా టన్ను ముందే చెప్పి పక్కన పెట్టించాను, పట్టా కిందే.